అమ్మ పేరు చివర 'అమ్మ'

నాన్న పోయిన నాలుగో రోజు అమ్మ ట్రంకు పెట్టె తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మన్నారు. చెల్లికిస్తే పెట్టె ముందు కూర్చుని ఏడుస్తుందిట, పని జరగదుట" అంది.

నల్ల రంగు వేసిన ఇనప పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. 1991లో హవల్దారుగా రిటైరై, తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు దిగి, రిక్షాలో వేసి తెచ్చుకున్న పెట్టె. రెండు మూడేళ్ళకోసారి దానికి మళ్ళీ రంగు వేసేవాడు. నలుపు ఆరాక సన్న బ్రష్షు తీసుకుని పాత అక్షరాల మీదే కొత్తగా దిద్దేవాడు. ఇంటికొచ్చేశాక కూడా ఆ నంబరు ఎందుకు నాన్నా అంటే, "పేరు మారొచ్చే, నంబరు మారదు" అనేవాడు. అదేదో మిలటరీ గొప్ప అనుకునేదాన్ని. తర్వాత పది నెలలు తిరిగితే గానీ ఆ మాటలో ఎంత ఉందో తెలియలేదు.

ఆస్పత్రిలో చివరి రెండు రోజులు నాన్నకి సరిగ్గా స్పృహ లేదు. డ్యూటీ సిస్టర్ వచ్చి, "తాతగారూ, మీ పేరేంటి?" అని గట్టిగా అడిగింది. మాస్కు కింద నుంచి నాన్న ఒక్కో అంకె విడివిడిగా చెప్పాడు. ఆవిడ ఫోన్ నంబరు అనుకుని రాసుకుని, "ఇంకో మూడంకెలు తక్కువయ్యాయండీ" అంది నాతో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2023 సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున పోయాడు. 72 ఏళ్ళు.

పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన. అన్నిటికన్నా పైన ఒక లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీలో "నా తదనంతరం చేయవలసిన పనులు" అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు. మొత్తం 17 పనులు. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టుకోవడానికి చిన్న గడి. చేసేది నేను, టిక్కు పెట్టేది నేను, కానీ డ్యూటీ వేసింది ఆయనే.

మొదటిది: "మరణ ధ్రువపత్రం 10 కాపీలు. 21 రోజుల లోపు పంచాయతీలో నమోదు చేయించాలి. పేరు పీపీఓలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు వెనక."

పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. మాజీ సైనికుల ఇళ్ళలో దేవుడి పటం తర్వాత అంత జాగ్రత్తగా దాచే కాగితం అదే. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, నాన్న మిలటరీ కాగితాల్లో వెనక పడింది. కార్యదర్శి అలవాటుగా ఇంటిపేరు ముందు టైపు చేయబోతుంటే నోట్‌బుక్ చూపించి ఆపాను. ఆయన ఆ పేజీ మొత్తం చదివి, "మీ నాన్నగారు వచ్చి మా ఆఫీసుకి కూడా ఇలాంటి లిస్టు రాసిస్తే బాగుండేదమ్మా" అన్నాడు.

రెండోది: "నేను పోయిన రోజు వరకే పింఛను నాది. ఆ తర్వాత పడింది సర్కారు సొమ్ము. ఏటీఎం కార్డు ముట్టుకోవద్దు." ఇది తెలియక చాలామంది చిక్కుల్లో పడతారు. చావు కబురు పైకి చేరేలోగా ఒకటి రెండు నెలల పింఛను ఖాతాలో పడిపోతుంది. అది దినకార్యాలకి ఖర్చయిపోతుంది. తర్వాత రికవరీ మొదలైతే ఆ ముసలావిడకి కాళ్ళూ చేతులూ ఆడవు. మేం ముట్టుకోలేదు. దినాల ఖర్చుకి వేరే కవర్లో డబ్బు పెట్టి, మీద "దీనికి మించి చేయొద్దు" అని రాసి ఉంచాడు. మించింది. ఆ సంగతి ఆయనకి చెప్పుకోలేను కదా.

మూడోది ఫ్యామిలీ పింఛను. పది నెలలూ దాని చుట్టూనే.

అది చెప్పేముందు పెద్దకర్మ రోజు సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజు చిత్తూరు నుంచి నాన్నతో పాటు రెజిమెంటులో పనిచేసిన బాబాయి వచ్చాడు. బాబాయి అంటే చుట్టం కాదు. నాన్నని 'అన్న' అనేవాడు కాబట్టి మాకు బాబాయి. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, "మీ నాన్న బసంతర్ గురించి ఎప్పుడైనా చెప్పాడా అమ్మాయ్?" అన్నాడు.

చెప్పలేదు. మాకు తెలిసిందల్లా 71 యుద్ధంలో ఉన్నాడని, రెండు మెడల్స్ ఉన్నాయని. అవి హార్లిక్స్ సీసాలో ఉండేవి. చిన్నప్పుడు నేనూ చెల్లీ వాటితో బొమ్మల పెళ్ళికి హారాలు వేసేవాళ్ళం. ఒకటి పశ్చిమీ స్టార్, ఇంకోటి సంగ్రామ్ మెడల్ అని డిశ్చార్జి బుక్ చదివాకే నాకు తెలిసింది.

మా ఊరికి దగ్గర్లోనే మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే జనానికి గుర్తు. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కణ్నుంచి మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. నాన్న మేనమామది ఆ ఊరే. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు బూట్ల చప్పుడు విని వెనకాల పడిన కుర్రాడు, 1969లో పద్దెనిమిది నిండగానే బెంగళూరు వెళ్ళి మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. 1780 నుంచీ ఉన్న దళం అది. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్ళంతా కలిసి ఉంటారు. చాలా పదాతి దళాల్లో సిపాయి అనే చోట ఇక్కడ సాపర్ అంటారు. వంతెన కట్టడం, రోడ్డు వేయడం, మందుపాతరలు తీయడం వీళ్ళ పని. నాన్న చేతికి పలుగూ పారా అలవాటే, ఇక తుపాకీ అదనం అనేవాడు.

"శకర్‌గఢ్ వైపమ్మా" అన్నాడు బాబాయి. "బసంతర్ అని చిన్న నది. దాని పొడుగునా పాకిస్తాన్ వాళ్ళు మైన్లు పాతిపెట్టారు. ట్యాంకులు దాటాలంటే ముందు మేం దిగి బాట తీయాలి. డిసెంబర్ 15 రాత్రి. బాట సగం కూడా అవలేదు, అవతల ఒడ్డున ఉన్న మన వాళ్ళ మీదికి శత్రువు ట్యాంకులు వస్తున్నాయని కబురు. పూనా హార్స్ ట్యాంకు రెజిమెంటు వాళ్ళు ఇంక ఆగలేదు, తీయని మైన్ల మీద నుంచే ట్యాంకులు తోలేశారు."

ఆ మర్నాడే, డిసెంబర్ 16న, ఆ పూనా హార్స్‌లోని అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకులో చనిపోయాడు. 21 ఏళ్ళు. పరమవీర చక్ర వచ్చింది. నాన్న ఉన్న 9 ఇంజనీర్ రెజిమెంటులోనే మేజర్ విజయ్ రతన్ చౌధరి అక్కడ మైన్లు తీయిస్తూ ప్రాణం విడిచాడు, ఆయనకి మహావీర చక్ర. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. ఆ రాత్రి అక్కడ మా నాన్న కూడా ఇరవయ్యేళ్ళ వయసులో బోర్లా పడుకుని నేల వెతుకుతున్నాడన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

"ఎలా వెతుకుతారు బాబాయ్?" అని అడిగాను.

ఆయన వరండా గట్టు మీదే చూపించాడు. బోర్లా పడుకోవాలి. చేతిలో కమ్మీ. నిలువుగా గుచ్చకూడదు, ఏటవాలుగా, మెల్లగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తి మీద నొక్కినట్టు. ఏటవాలుగా గుచ్చితే పక్కకి తగులుతుంది. తగలకపోతే జానెడు జరిగి మళ్ళీ.

నా ఒళ్ళు ఝల్లుమంది. ఈ పని చేస్తుంటే నేను నాన్నని చూశాను.

1993లో మా ఇంటికి ఇంకో గది వేస్తున్నప్పుడు ఇసక కుప్పలో ఆడుతూ చెవి దిద్దు పోగొట్టుకున్నాను. బంగారం. అమ్మ వీపు మీద రెండు వేసింది. నాన్న బ్యాంకు గార్డు డ్యూటీ నుంచి వచ్చి, ఏం మాట్లాడకుండా చొక్కా విప్పాడు. నన్ను ఎక్కడెక్కడ కూర్చున్నావో చూపించమన్నాడు. ఇసక మీద పురికొస పట్టి గళ్ళు గళ్ళుగా కట్టాడు. బోర్లా పడుకుని, అమ్మ అల్లిక సూది తీసుకుని, ఏటవాలుగా గుచ్చుకుంటూ జానెడు జానెడు జరిగాడు. చూసిన గడి మీద చిన్న రాయి పెట్టేవాడు. చీకటి పడితే అమ్మ పెట్రోమాక్స్ లైటు పట్టుకుంది. పక్కింటివాళ్ళు వచ్చి జల్లెడ పట్టొచ్చు కదండీ అన్నారు. "జల్లెడకి వెళ్ళేలోపు ఎవరో తొక్కుతారు" అన్నాడు, తల ఎత్తకుండా. రెండు గంటలకి దొరికింది. నాకు దిద్దు దొరికిన సంతోషమే గుర్తుంది ఇన్నాళ్ళూ. ఆయన ఇసకలో నుంచి లేచాక నీళ్ళ తొట్టి దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డాడో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

సరే, పింఛను సంగతి.

ఇదివరకు ఆర్మీ పింఛను బ్యాంకు ద్వారా వచ్చేది. చనిపోతే బ్యాంకులోనే కాగితాలు ఇచ్చేవారు. ఇప్పుడు స్పర్శ్ అని రక్షణ శాఖ ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. ప్రయాగ్‌రాజ్‌లో ఉన్న పింఛన్ల ప్రధాన కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలో వేస్తారు. పాత పింఛనుదార్లని కూడా విడతలు విడతలుగా అందులోకి మార్చారు, నాన్నది 2022లో మారింది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ మా ఇద్దరక్కచెల్లెళ్ళ ముద్దుపేర్లు, మధ్యలో 71. ఇంత సులువుగా పెడతారా నాన్నా అని గొణుక్కుంటూనే టైపు చేశాను.

మరణం సంగతి అందులోనే తెలియజేయాలి. మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో పెట్టి ఫ్యామిలీ పింఛనుకి దరఖాస్తు చేయాలి. భర్త పోయిన మర్నాటి నుంచే భార్యకి లెక్క మొదలవుతుంది, మంజూరు ఎప్పుడైనా బకాయి మొత్తం వస్తుంది. అందుకే కంగారు పడక్కర్లేదు, తప్పు లేకుండా పెట్టడం ముఖ్యం. ఎంత వస్తుందంటే, మామూలు పింఛను జీతంలో సగం, ఫ్యామిలీ పింఛను 30 శాతం. అంటే నాన్నకి వంద వచ్చేచోట అమ్మకి అరవై. 67 లోపు పోయినవాళ్ళ కుటుంబానికి కొన్నాళ్ళు ఎక్కువ రేటు ఉంటుంది, నాన్న అది దాటాడు. ఈ లెక్క కూడా నోట్‌బుక్‌లో వేసి, కింద "పాలు, మందులు, కరెంటు – సరిపోతుంది. ఆడపిల్లల దగ్గర చెయ్యి చాపక్కర్లేదు" అని రాశాడు. ఆ వాక్యం అమ్మకి చదివి వినిపించలేదు. మా చెల్లెలు చదివింది, చెప్పినట్టే ఏడుస్తూ కూర్చుంది.

హైదరాబాద్ తిరిగొచ్చి అన్నీ స్కాన్ చేసి పెట్టాను. మూడు వారాలకి తిరిగొచ్చింది. కారణం: భార్య పేరు రికార్డుతో సరిపోలలేదు.

అమ్మ ఆధార్ తీశాను. పీపీఓ తీశాను. పక్కపక్కన పెట్టి చూశాను. తేడా దొరికాక కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆధార్‌లో అమ్మ పేరు చివర 'అమ్మ' ఉంది. పీపీఓలో లేదు. మన పల్లెటూళ్ళలో ఆ తరం ఆడవాళ్ళ పేర్లన్నిటికీ చివర ఒక అమ్మ ఉంటుంది కదా, అది. ఇంగ్లీషులో నాలుగక్షరాలు.

డిశ్చార్జి బుక్ తెరిచాను. నిండా ఇంగ్లీషు గుమస్తా దస్తూరి. చేరినప్పటి ఎత్తు, ఛాతీ, కుడి మోచేతి కింద పుట్టుమచ్చ. వెళ్ళేటప్పుడు ప్రవర్తన: ఎగ్జెంప్లరీ. కుటుంబ వివరాల పేజీలో పెళ్ళి 1977, పక్కన పార్ట్ టూ ఆర్డర్ నంబరు, భార్య పేరు. అక్కడా 'అమ్మ' లేదు. మిలటరీలో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ పడితేనే అయినట్టు. ఆ ఆర్డరుకి పేరు ఇచ్చేది జవానే. అంటే నాన్నే అలా ఇచ్చాడు.

17 పనులు రాసిన మనిషి, తన ఇంటిపేరు ముందుందా వెనకుందా అని చూసుకున్న మనిషి, అమ్మ పేరు చూసుకోలేదు. మొదట కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత గుర్తొచ్చింది. మా ఊళ్ళో మగవాళ్ళు భార్యని 'ఏమేవ్' అనో, పెద్దపిల్ల పేరు పెట్టో పిలిచేవారు. పేరు పెట్టి పిలిచేది మా నాన్న ఒక్కడే. అదీ 'అమ్మ' తీసేసి. నాయనమ్మ అది విని, "మిలటరీలో సిగ్గులు ఉండవు కాబోలు" అనేదిట. ఆయన నోట్లో ఆ పేరు ఎప్పుడూ అంతే ఉంది. తేడా ఉందని ఆయనకి తోచే వీలే లేదు.

ఆధార్ తీసుకున్న రోజు కూడా ఇద్దరూ కలిసే వెళ్ళారు. పుట్టిన తేదీ నాన్న చెప్పాడు, డిశ్చార్జి బుక్‌లో ఉన్నట్టే, పొల్లుపోకుండా. పేరు మాత్రం ఆపరేటర్ అమ్మని అడిగాడు. తన పేరు తాను చెప్పుకుంది, పుట్టింట్లో పెట్టిన పేరు మొత్తం.

ఏలూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాం. ఇలాంటివి ఎవరికైనా వస్తే ముందు అక్కడికే వెళ్ళండి, నెట్‌లో వెతుక్కుని బుర్ర పాడుచేసుకోకుండా. అక్కడ పనిచేసేవాళ్ళలోనూ మాజీ సైనికులు ఉంటారు, భాష అర్థమవుతుంది. మా ఫైలు చూసిన పెద్దాయన ముందు అమ్మకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, తర్వాత కాగితాలు తీశాడు. "నూటికి సగం కేసులు ఇవేనమ్మా. ఒకరికి అమ్మ ఎక్కువ, ఒకరికి దేవి తక్కువ" అన్నాడు.

రెండు దారులు చెప్పాడు. ఒకటి, రికార్డులో పేరు మార్పించడం. స్టాంపు కాగితం మీద అఫిడవిట్, ఆ పేరూ ఈ పేరూ ఒకే మనిషివని. అది బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్సే) రికార్డ్స్‌కి పంపాలి, వాళ్ళు కొత్తగా ఆర్డర్ వేయాలి, పీపీఓ దిద్దాలి. రెండు, ఆధార్‌లోనూ బ్యాంకులోనూ పేరు మార్చుకుని రికార్డుకి సరిపెట్టడం.

"మొదటిదే చేద్దాం" అన్నాను నేను. అమ్మ అసలు పేరు ఆధార్‌లో ఉన్నదే కదా. మారాల్సింది తప్పుగా ఉన్న కాగితం. పైగా డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి, ఎవరో సగం పేరు రాశారని ఇప్పుడు పేరు మార్చుకోవడం ఏమిటని నాకు లోపల పౌరుషం కూడా.

అమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఆయన రాయించింది మార్చొద్దు. నాదే మార్చండి" అంది.

"అమ్మా, అది నీ పేరే, నీకు..."

"ఏది నా పేరో నాకు తెలీదా?" అంది.

పెద్దాయన నా వంక చూసి, పెన్ను తీసి రెండో దారికి కావల్సినవి రాసిచ్చాడు.

ఇక తిరుగుడు. ఆధార్‌లో పేరు మార్చాలంటే ఆధారం చూపాలి. అమ్మ దగ్గర ఉన్న కార్డులన్నిటిలోనూ 'అమ్మ' ఉంది. ఆధార్ వాళ్ళ సర్టిఫికెట్ ఫారం ఒకటి ఉంటుంది, ఫోటో అంటించి తహసీల్దారు సంతకం, ముద్ర వేస్తే చెల్లుతుంది. ఆ సంతకానికి నాలుగు సార్లు. ఒకసారి మీటింగు, ఒకసారి సర్వరు, ఒకసారి ఫోటో మీద ముద్ర సగమే పడింది. అదయ్యాక ఆధార్ సెంటరు, అప్పట్లో 50 రూపాయలు. పదిహేను రోజుల్లో మారింది. ఒక ఆఫీసులో (ఏదో చెప్పను) కౌంటర్లో కూర్చున్న అబ్బాయి ఫారం చూసి, "భర్త సంతకం లేదండీ, ఆయన్ని తీసుకురండి" అన్నాడు. ఫారం పైన మరణ ధ్రువపత్రం పిన్ను కొట్టి ఉంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "రారు బాబూ, డ్యూటీలో ఉన్నారు" అంది. ఆ అబ్బాయి అప్పుడు చూసుకుని లేచి నిలబడ్డాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఎంతసేపు నవ్వామో. ఆయన పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా జాయింటుగా ఉండబట్టి కొత్తది తెరవక్కర్లేకపోయింది. కానీ అందులోనూ పేరు మార్చాలి, సంతకం మార్చాలి. అమ్మ తెలుగులో సంతకం చేస్తుంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న సంతకంలో చివరి రెండక్షరాలు ఆపడం చేతికి రావడం లేదు. మూడు ఫారాలు పాడుచేసింది. ఇంటికెళ్ళి నోట్‌బుక్ వెనక పేజీలో ప్రాక్టీస్ చేసింది. నాన్న 17 పనుల పుస్తకంలో, వెనక నుంచి, అమ్మ పేరు పేజీన్నర నిండా ఉంది ఇప్పటికీ.

ఆ రోజుల్లోనే అమ్మ ఉత్తరాల సంచీ నాకు ఇచ్చింది. ఏదైనా ఆధారం దొరుకుతుందేమో చూడమంది. ఉత్తరాలు ఆధారంగా ఎవరూ తీసుకోరని నాకు తెలుసు, అయినా చూశాను. 1977 నుంచి 91 దాకా ఇన్‌లాండ్ లెటర్లు, పంపిన చిరునామాలో చాలా వాటికి 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). ఎక్కడున్నాడో రాయకూడదు కదా. ప్రతి ఉత్తరానికీ పైన కుడి మూల నంబరు. మధ్యలో ఒకటి అందకపోతే తెలియాలని. 83వ నంబరు తర్వాత 85వది వస్తే, అమ్మ "84 రాలేదు" అని రాసేదిట, ఆయన 84లో ఏం రాశాడో గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాసేవాడు. సరుకుల ధరలు, మా చదువు, గేదె ఈనిందా, మేనమామ అప్పు తీర్చాడా, అన్నీ ఉన్నాయి. నాన్న క్యాంటీన్ రమ్ము కోటా ఎప్పుడూ తీసుకోడని అలిగిన మావయ్య ఉత్తరం కూడా ఒకటి అందులో కలిసిపోయింది. యుద్ధం మాట ఒక్కచోట లేదు. మొదటి వరుస మాత్రం అన్నిట్లోనూ ఒకటే: అమ్మ పేరు, చివర అమ్మ లేకుండా, పక్కన కామా.

1992లో అమ్మకి ఆపరేషన్ అయి మూడు నెలలు మంచం దిగనప్పుడు ఆ కామా మనిషే మా ఇద్దరికీ జడలు వేశాడు. ముఖం చర్మం వెనక్కి లాగేసినట్టు ఉండేవి. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. స్కూల్లో మిలటరీ జడలు అని ఏడిపించేవారు. ఆరింటికల్లా జడలు, ఆరున్నరకి క్యారేజీలు, ఏడింటికి సైకిలెక్కి గూడెంలో బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడడం. ఇరవై రెండేళ్ళు సైన్యంలో నిలబడి, ఇంకో పద్దెనిమిదేళ్ళు ఆ గేటు దగ్గర. మా ఇద్దరి చదువులూ పెళ్ళిళ్ళూ ఆ గేటు దగ్గరవే.

జూన్‌లో మళ్ళీ దరఖాస్తు పెట్టాను. ఈసారి తిరిగి రాలేదు. ఆగస్టులో అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, బకాయి అంతా కలిపి ఒకేసారి పడింది. అమ్మ అడిగిన మొదటి మాట, "ఆయన పోయాక ఆ నెలలో పడ్డది తిరిగి తీసుకున్నారా?" తీసుకున్నారు, సర్దేశారు అన్నాను. "అమ్మయ్య" అంది. నోట్‌బుక్ తెచ్చి మూడో గడిలో టిక్కు ఆవిడ చేతే పెట్టించాను. వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు భార్యకి కొనసాగుతుంది, దానికీ క్యాంటీన్ కార్డుకీ వేరే కాగితాలు పెట్టాలి, అవి పెద్ద కష్టం కాలేదు. పదిహేడోది ఒక్కటి మిగిలింది: "పెట్టెకి రంగు వేయించాలి."

పింఛను వస్తోందంటే సరిపోదు, ఏడాదికోసారి బతికే ఉన్నామని చెప్పాలి. నవంబర్లో అమ్మని తీసుకుని గూడెంలో మీసేవ పక్కనున్న కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. బయట బెంచీ నిండా ముసలివాళ్ళు. లోపల అమ్మాయి ఒక్కొక్కరినీ కాగితం మీద పేరు చూసి పిలుస్తోంది. మా వంతు వచ్చింది. పిలిచింది.

అమ్మ లేవలేదు. రెండోసారి పిలిచింది, కొత్త ఆధార్‌లో ఉన్నట్టు, చివర ఏమీ లేకుండా. నేను చెయ్యి పట్టుకుని లేపబోయాను. "ఉండవే" అంది, గుమ్మం వైపే చూస్తూ. మూడోసారి పిలిచాక లేచింది.

వేలిముద్ర పడలేదు. అంట్లు తోమిన వేళ్ళకి గీతలెక్కడ మిగులుతాయి. ఆ అమ్మాయి ఫోన్ తీసి ముఖానికి ఎదురుగా పట్టుకుని, "కళ్ళు ఒకసారి మూసి తెరవండి మామ్మగారూ" అంది.

"ఆగమ్మా, తుడుచుకోనీ" అంది అమ్మ.